అటక మీద ధాన్యం పెడుతున్నారా? ముందు దూలాల సత్తా చూసుకోండి

కోతలు అయ్యాయి. ధర చూస్తే అంతంతమాత్రం. రెండు మూడు నెలలు ఆగితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయన్న ఆశ. ఆగాలంటే సరుకు పెట్టుకోవడానికి చోటు కావాలి. కింద పెడితే తేమ, ఎలుకలు, పైగా వానాకాలం ముంచుకొస్తోంది. అప్పుడు చాలామంది రైతుల చూపు పడేది ఇంటి అటక మీద. పాత పెంకుటిళ్లలో ఎన్నో ఏళ్లుగా ఊరగాయ జాడీలు, పాత సామాన్లు, పిడకలు తప్ప ఇంకేమీ లేని అటకలు ఉన్నాయి. నాలుగు చెక్కలు సరిచేసి, ఒక నిచ్చెన బిగించి, అక్కడే బస్తాలు వేసుకుంటే పోలేదా అని అడుగుతుంటారు.

చేసుకోవచ్చు. కాకపోతే చాలామంది అక్కడ ఎన్ని బస్తాలు పడతాయో చూస్తారు గానీ ఎన్ని బస్తాలు మోస్తుందో చూడరు. ఈ రెండూ ఒకటి కాదు. అటక కింద గదిలో మంచాలు వేసుకుని పడుకునేది మన పిల్లాపాపలే కాబట్టి ఈ లెక్క చెక్క కొనకముందే, వడ్రంగిని పిలవకముందే చూసుకోవాలి.

ముందు బరువు లెక్క

75 కిలోల ధాన్యం గోనె బస్తాను పడుకోబెడితే సుమారు 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఆక్రమిస్తుంది. అంటే 6 చదరపు అడుగులు. ఒకే వరుసగా పరిస్తే చదరపు అడుగుకు పన్నెండున్నర కిలోల బరువు పడుతుంది. దాని మీద ఇంకో వరుస వేస్తే 25 కిలోలు. నాలుగు వరుసలు పేరిస్తే 50 కిలోలు.

ఇప్పుడు దీన్ని మనుషులు నివసించే గదితో పోల్చండి. మన దేశంలో ఇళ్లకు స్లాబు లెక్క వేసేటప్పుడు ఇంజినీర్లు నివాస గది మీద చదరపు మీటరుకు 200 కిలోల బరువు పడుతుందని తీసుకుంటారు. అంటే చదరపు అడుగుకు పద్దెనిమిదిన్నర కిలోలు. ఎవరూ ఎక్కని పైకప్పుకైతే చదరపు మీటరుకు 75 కిలోలు, అంటే అడుగుకు ఏడు కిలోలే. లెక్క కట్టి, ఇనుము వేసి పోసిన సిమెంటు గదే పద్దెనిమిదిన్నర కిలోలకు సరిపడా ఉంటే, మన తాతలు జాడీల కోసం వేసిన అటక 50 కిలోలు ఎలా మోస్తుంది?

10 అడుగులకు 12 అడుగుల గది తీసుకోండి. 120 చదరపు అడుగులు. ఒక వరుసలో 20 బస్తాలు పడతాయి, బరువు ఒకటిన్నర టన్ను. నాలుగు వరుసలైతే 80 బస్తాలు, 6 టన్నులు. అంత బరువును తలల మీద వేలాడదీసుకుని నెలల తరబడి కింద నిద్రపోతున్నామన్నమాట.

విడి గింజలు పోసినా బరువు తక్కువేమీ కాదు. ఒక అడుగు ఎత్తున ధాన్యం పోస్తే చదరపు అడుగుకు సుమారు 16 కిలోలు, మొక్కజొన్న అయితే 20, మినుములు, పెసలు అయితే 22 దాకా వస్తుంది. పైగా విడి గింజలు పక్క గోడలను కూడా నెడతాయి. పల్చటి మట్టిగోడకు ఆనించి గింజలు పోయకండి.

రైతులు ఎక్కువగా పొరబడేది పీపాల విషయంలో. 200 లీటర్ల పీపా చూడ్డానికి చిన్నదే. నిండా ధాన్యం పోస్తే 115 కిలోలు, మినుములు పోస్తే 160 కిలోలు. అది నిలబడేది 3 చదరపు అడుగుల చోటులోనే. అంటే అడుగుకు 38 నుంచి 53 కిలోలు. ఒక వరుస బస్తాల కంటే మూడు నాలుగు రెట్లు. ఇక మూడు కాళ్ల మీద నిలబడే రేకు గాదెలను అటక ఎక్కించే ఆలోచనే పెట్టుకోవద్దు. ఆ బరువంతా మూడు చిన్న చోట్లలో పొడిచినట్టు పడుతుంది.

అటక సొంత బరువును కూడా మరచిపోకూడదు. చాలా ఇళ్లలో వెదురు తడికె మీదో, చెక్కల మీదో మట్టి పరిచి అలికి ఉంటారు. 3 అంగుళాల మందం మట్టే చదరపు అడుగుకు 11, 12 కిలోలు ఉంటుంది. అంటే మీరు ఒక్క బస్తా కూడా పెట్టకముందే ఆ దూలాలు దాదాపు ఒక వరుస బస్తాల బరువు మోస్తున్నాయి. అంగుళం మందం కడప బండలు పరిచి ఉంటే మరో ఆరు కిలోలు. ఆ మట్టిని తీసేసి చెక్కలు పరిస్తే అంత బరువు తగ్గినట్టే. అటక బాగు చేసే పనిలో నేను మొదట చెప్పేది ఇదే. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ.

దూలాలను, దంతెలను ఎలా పరీక్షించాలి

గోడ నుంచి గోడకు వేసే పెద్ద కొయ్య దూలం. దాని మీద అడ్డంగా వేసే చిన్న కొయ్యలు దంతెలు. వాటి మీద చెక్కలు. బస్తా బరువు చెక్క నుంచి దంతెకు, దంతె నుంచి దూలానికి, దూలం నుంచి గోడకు, గోడ నుంచి పునాదికి దిగుతుంది. ఈ దారిలో ఎక్కడ బలహీనం ఉన్నా అక్కడే తెగుతుంది. మధ్యలో కొయ్య గట్టిగా కనిపిస్తే చాలదు.

ముఖ్యంగా చూడాల్సింది గోడలో దూరి ఉన్న దూలం కొనలను. వాన నీరు చూరు దగ్గర దిగినా, చెదలు గోడ వెంట ఎక్కినా ముందు తినేసేది ఆ కొనలనే. బయటికి కనిపించే భాగం నిగనిగలాడుతూ ఉంటుంది, గోడ లోపల పొట్టు మిగిలి ఉంటుంది. సుత్తితో తట్టి చూడండి. గట్టి కొయ్య ఖంగున పలుకుతుంది, డొల్ల కొయ్య బొద్దుగా పలుకుతుంది. సన్నటి స్క్రూడ్రైవరును గోడకు ఆనుకుని ఉన్న చోట గుచ్చండి. వేలెడు లోతు సులువుగా దిగితే ఆ దూలాన్ని నమ్మకండి. కింద నేల మీద సన్నటి పిండి లాంటి పొడి రాలుతుంటే కొయ్యకు పుచ్చు పట్టిందని అర్థం. దూలం గోడ మీద కనీసం 4 అంగుళాలైనా ఆని ఉండాలి, కింద బండరాయి ఉంటే ఇంకా మంచిది. మట్టితో కట్టిన ఇటుక గోడ మీద దూలం నేరుగా ఆనుకుని ఉంటే, బరువు పెరిగినప్పుడు దాని కింది ఇటుకలు నలుగుతాయి. దూలం కింద నుంచి నిలువుగా పగులు దిగి ఉందేమో చూడండి. ఉంటే అక్కడ ఇప్పటికే బరువు ఎక్కువైందని గోడ చెబుతోంది.

తర్వాత వంపు చూడాలి. దూలం ఒక కొన నుంచి ఇంకో కొనకు దాని కింది అంచు వెంట దారం బిగించి పట్టండి. నడుమ దూలం దారం కన్నా కిందకు ఎంత దిగిందో కొలవండి. 10 అడుగుల దూలానికి అర అంగుళం దాటి వంగి ఉంటే, అదీ ఖాళీ అటకతోనే, దాని మీద బస్తాలు పెట్టకండి. కొయ్యకు ఇంకో గుణం ఉంది. ఒక మనిషి ఎక్కి దిగితే వంగి మళ్లీ లేస్తుంది. అదే బరువు ఆరు నెలలు అలాగే ఉంటే నెమ్మదిగా వంగుతూనే పోతుంది, బరువు తీసినా పూర్తిగా వెనక్కి రాదు. ధాన్యం నిల్వ అంటే ఈ రకం బరువే. నలుగురు ఎక్కి గెంతినా కదల్లేదు కాబట్టి ఇబ్బంది లేదనే మాట ఇక్కడ చెల్లదు.

తాటి దూలాల సంగతి ప్రత్యేకం. తాటికి బలమంతా బయటి నల్లటి చేవలోనే ఉంటుంది, లోపలిది మెత్తటి పీచు. నున్నగా కనబడాలని బయటి భాగాన్ని చెక్కిన తాటి దూలం సగం బలం పోగొట్టుకున్నదే. చేవ పలచబడిన తాటి దంతెల మీద ఒక వరుస బస్తాలు కూడా వద్దు.

పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. అడుగుకు అంతే బరువు ఉన్నా, 6 అడుగుల దంతె కన్నా అదే సైజు 12 అడుగుల దంతెకు నాలుగు రెట్ల ఒత్తిడి పడుతుంది. వంపు అయితే పదహారు రెట్లు. కాబట్టి చిన్న వంటింటి మీది అటక, పెద్ద వసారా మీది అటక కన్నా నమ్మకమైనది.

ఏది కోయకూడదు

అటక మీద తల తగులుతోందని, బస్తా మోసుకుని వంగి నడవలేమని పైకప్పు కింద అడ్డంగా ఉన్న కొయ్యను కోసేస్తారు. అటక పనుల్లో దీన్ని మించిన ప్రమాదం లేదు.

ఎందుకో చూడండి. రెండు కర్రలను తలలు ఆనించి నిలబెట్టండి. కాళ్లు చెరో పక్కకు జారిపోతాయి. కాళ్ల మధ్య తాడు కడితే నిలబడతాయి. పెంకుల బరువుకు వాసాలు కూడా అలాగే గోడలను బయటికి నెడతాయి. రెండు గోడల మధ్య అడ్డంగా ఉన్న దూలం ఆ తాడు పని చేస్తుంది. దాన్ని కోస్తే ఆ రోజు ఏమీ కాదు. వాన కురిసి పెంకులు తడిసి బరువెక్కాక, గోడలు నాని మెత్తబడ్డాక, గోడ తల బయటికి వాలడం మొదలవుతుంది. కొప్పు నడుమ కుంగుతుంది. దూలం నడుమ నిలబెట్టిన గుంజ మీద వెన్నుదూలం ఆని ఉన్న ఇళ్లలో ఆ గుంజనూ తీయకూడదు. పైకప్పు బరువు దాని గుండానే దిగుతోంది. ఇలాంటి ఇళ్లలో ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి: ఆ దూలం ఇప్పటికే కప్పును మోస్తోంది, అటక బరువు దానికి అదనం.

తల తగిలితే వంగి నడవండి. లేదా ఆ అటకను తేలిక సామాన్లకు వదిలేయండి.

నిచ్చెన దారి కోసం కన్నం పెట్టేటప్పుడు దంతెను కోయకుండా, రెండు దంతెల మధ్య ఉన్న సందులోనే దారి చేసుకోండి. సందు చాలకపోతే, కోసిన దంతె కొనలను పక్క దంతెలకు అడ్డకొయ్య వేసి బోల్టులతో బిగించాలి. అప్పుడు ఆ పక్క దంతెలు రెండింటి బరువూ మోయాలి కాబట్టి వాటికి జత వేయాలి. ఇది వడ్రంగి పని. కరెంటు పైపు కోసమో, కొక్కెం కోసమో దూలం అడుగున నడిమి భాగంలో గాడి చెక్కడం కూడా మానండి. 8 అంగుళాల ఎత్తున్న దూలంలో 2 అంగుళాల గాడి పెడితే పోయేది పావు వంతు బలం కాదు, ఆ చోట దాదాపు సగం బలం పోతుంది.

బలం పెంచే పద్ధతులు

కొయ్య ఎత్తులోనే బలం ఉంది. 3 అంగుళాలు, 6 అంగుళాల కొయ్యను పడకగా వేసిన దాని కన్నా నిలువుగా వేస్తే రెట్టింపు మోస్తుంది, వంపు నాలుగో వంతే ఉంటుంది. చాలా అటకల్లో దంతెలు పడకగా పడి ఉంటాయి. చెక్కలు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి వాటిని నిలువుగా తిప్పి, దొర్లిపోకుండా మధ్యలో అడ్డముక్కలు బిగించుకోండి. దంతెల మధ్య ఎడం రెండు అడుగులుంటే మధ్యలో ఇంకోటి చేర్చండి. బలహీనంగా ఉన్న దంతెకు అదే ఎత్తు కొత్త కొయ్యను పక్కన ఆనించి, మేకులతో కాదు, బోల్టు నట్టులతో బిగించండి. కొత్త కొయ్య కొనలు కూడా గోడ మీదో, దూలం మీదో ఆనాలి. గాలిలో ఆగిపోతే దాని వల్ల ఒరిగేది పెద్దగా ఉండదు.

దూలం నడుమ కింద నుంచి గుంజ నిలబెడితే ఒత్తిడి నాలుగో వంతుకు తగ్గుతుంది. మంచి ఉపాయమే. కానీ దూలం మీది బరువులో సగానికి పైగా ఆ ఒక్క గుంజ మీదికే వస్తుంది. గచ్చు మీద, టైల్సు మీద నిలబెడితే అది నేలలోకి దిగుతుంది. గట్టి నేల తగిలేదాకా ఒకటిన్నర, రెండు అడుగులు తవ్వి, కాంక్రీటు పోసి, మీద బండ వేసి దాని మీద గుంజ నిలపండి. నల్లరేగడి ఊళ్లలో ఇంకా లోతుకు వెళ్లాలి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారి కుంగుతుంది. పొలంలో మీరు రోజూ చూసే గుణమే అది. గుంజ పైకి లేస్తే దూలాన్ని నెడుతుంది, కిందికి దిగితే ఉన్నా లేనట్టే.

పాత రైలు పట్టాలు, ఇనుప గర్డర్లు వేసే రైతులున్నారు. బాగానే మోస్తాయి. కానీ అవి ఆనే గోడ మట్టిగోడ అయితే, కొన కింద వెడల్పాటి బండ వేయకుండా ఇనుము పెట్టకండి.

కాంక్రీటు ఇళ్ల సజ్జల సంగతి

కొత్త ఇళ్లలో గోడ నుంచి ముందుకు వచ్చిన పల్చటి సజ్జలను కూడా అటకలుగానే వాడుతుంటారు. వాటికి ఆధారం ఒక్క గోడ వైపే. బరువు అంచు మీద పడితే సజ్జ గోడ దగ్గర పైభాగంలో చీలుతుంది. పైన సామాను నిండి ఉంటుంది కాబట్టి ఆ పగులు మనకు కనపడదు. పెచ్చులూడి ఇనుము తుప్పు కనపడుతుంటే దాని మీద ఏమీ పెట్టకండి. బాగున్న సజ్జ అయినా పాత్రలకు, విత్తనాల చిన్న డబ్బాలకు పనికొస్తుంది, ధాన్యం బస్తాలకు కాదు.

ఎక్కించేటప్పుడు, పేర్చేటప్పుడు

ఇవన్నీ చూశాక కూడా, ఇంజినీరు చేత లెక్క వేయించని అటక మీద నేనైతే ఒక్క వరుసకు మించి ఒప్పుకోను. అది కూడా గోడల వెంట. నడుమ ఖాళీ ఉంచండి. మొత్తం బరువు అంతే అయినా, గది నిండా సమంగా పరిచిన దాని కన్నా నడుమ కుప్పగా వేస్తే దూలం మీద రెట్టింపు ఒత్తిడి పడుతుంది. గోడకు దగ్గరగా ఉంటే ఒత్తిడి తగ్గుతుంది. ఎలుకలు, గాలి కోసం గోడకు, బస్తాలకు మధ్య అడుగు ఎడం ఎలాగూ కావాలి. బస్తాలను దంతెలకు అడ్డంగా వేస్తే ఒక్కో బస్తా రెండు దంతెల మీద ఆనుతుంది.

75 కిలోల బస్తాను నిచ్చెన మీద మోయించకండి. 25, 30 కిలోల సంచులుగా కట్టుకోండి. గిలక వేసి లాగుతామంటారా, మంచిదే. కానీ 40 కిలోల సంచిని గిలకతో లాగితే గిలక వేలాడే కొయ్య మీద పడేది 80 కిలోల పైమాటే. సంచి బరువు ఒకవైపు, మీరు లాగే బలం ఇంకోవైపు. జెర్కు పడితే ఇంకా ఎక్కువ. అందుకే గిలకను వాసానికి కాదు, దూలానికి, అదీ గోడకు దగ్గరగా కట్టండి. సంచిని అటక మీదికి విసరకండి, దించండి. నిచ్చెన కన్నం చుట్టూ మోకాలి ఎత్తున కాదు, నడుము ఎత్తున అడ్డకర్ర కట్టండి.

ఒకేసారి మొత్తం ఎక్కించవద్దు. ముందు పావు వంతు పెట్టి రెండు రోజులు ఆగండి. దూలం నడుమకు, నేలకు మధ్య సరిపోయే కర్రను అర వేలెడు తక్కువగా కోసి గది మూలన పెట్టుకోండి. రెండు రోజులకోసారి దూలం కింద నిలబెట్టి చూస్తే సందు తగ్గుతోందో లేదో చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. గోడ పగులు మీద రెండు వైపులా పెన్సిలు గీతలు గీసి తేదీ రాయండి. గీతల మధ్య దూరం పెరిగినా, కింది గది తలుపు కొత్తగా బిగుసుకున్నా, రాత్రిపూట కొయ్య టకటకమన్నా వెంటనే కింద మనుషుల్ని ఖాళీ చేయించి, నడుమ ఉన్న సంచుల నుంచి దించడం మొదలుపెట్టండి. అటక మీద ఒక్కరే ఉండాలి. మిగతావాళ్లు దూలం కింద నిలబడకుండా పక్కనుంచి అందుకోవాలి.

ఏ పంట పెట్టొచ్చు, ఏ మందు పెట్టకూడదు

వేసవిలో పెంకు కింద వేడి విపరీతంగా ఉంటుంది. వేరుశనగ విత్తనానికి ఆ వేడి పనికిరాదు, మొలక శాతం పడిపోతుంది. ఎండుమిర్చి తేలికే గానీ రంగు పోతుంది. తిండి గింజలు, బాగా ఎండిన ధాన్యం, కట్టలుగా వేలాడదీసే వెల్లుల్లి లాంటివి నయం. ధాన్యం తేమ 14 శాతం కన్నా తగ్గాకే ఎక్కించండి.

పురుగు పడితే చాలామంది వాడే సెల్ఫాస్ బిళ్లలు, అంటే అల్యూమినియం ఫాస్ఫైడ్, ఇంటి అటక మీద ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. వాటి నుంచి వచ్చే ఫాస్ఫిన్ వాయువు గాలి కన్నా కాస్త బరువు. చెక్కల సందుల్లోంచి కింది గదిలోకి దిగుతుంది. నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసేలోపే ప్రాణం మీదికి వస్తుంది. చట్టం ప్రకారం కూడా దాన్ని ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న పురుగు నివారణ సంస్థలే నిపుణుల పర్యవేక్షణలో వాడాలి. పురుగు తగలకుండా గింజలను బాగా ఎండబెట్టి, గాలి చొరని సంచుల్లో కట్టుకోండి. చెద మందు కొట్టిన కొయ్యల మీద గింజలు పెట్టకండి. యూరియా, పురుగుమందులు కూడా అటక ఎక్కించకండి. ఎరువుల ఉప్పు ఇనుప బోల్టులను, గర్డర్లను తినేస్తుంది.

పది పదిహేను బస్తాలకు మించి సరుకున్న రైతు అటక కన్నా గిడ్డంగి వైపు చూడటం మేలు. డబ్ల్యూడీఆర్ఏలో నమోదైన గిడ్డంగిలో పెడితే ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తారు, దాని మీద బ్యాంకు అప్పు తీసుకుని ధర వచ్చేదాకా ఆగొచ్చు. అటక మీదే పెట్టుకోవాలనుకుంటే పని మొదలుపెట్టకముందు గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటుకో, తెలంగాణలో అయితే మండల పంచాయతీరాజ్ ఏఈకో ఇల్లు చూపించండి. దూలాల పొడవు, ఎత్తు, వెడల్పు, దంతెల మధ్య ఎడం, పెట్టదలచిన బస్తాల సంఖ్య ఒక కాగితం మీద రాసి పట్టుకెళితే ఆయనకూ చెప్పడం సులువు.